వార్తల్లో పదం: బెడ్ టర్నోవర్

ఏడాదిలో ఒక్కో పడక మీద సగటున ఎంతమంది రోగులు వైద్యం ముగించుకుని వెళ్లారో చెప్పే లెక్క ఇది. డిశ్చార్జిలను, మరణాలను కలిపి మొత్తం పడకలతో భాగిస్తే వస్తుంది.

వార్డు కిటకిటలాడుతుంటే ఆస్పత్రి బాగా నడుస్తోందనుకుంటాం. అది సగం నిజం. 100 పడకల్లో రోజూ 80 నిండి ఉన్నాయనుకుందాం. రోగి సగటున 4 రోజులుంటే ఏడాదికి 7,300 మందికి వైద్యం అందుతుంది. 8 రోజులుంటే 3,650 మందికే. నిండిన పడకలు మాత్రం రెండుచోట్లా 80 శాతమే! నిండిన పడకల శాతాన్ని, టర్నోవర్‌ను ఒకే గ్రాఫ్ మీద చూసే పద్ధతిని 1986లో పబోన్ లాసో ప్రతిపాదించారు.

బోధనాస్పత్రిని ఈ ఒక్క అంకెతో కొలిస్తే అన్యాయమే. ఉదాహరణకు కర్ణాటకలో బళ్ళారి జిల్లా కూరెకుప్ప దగ్గర లారీ గుద్ది తొడ ఎముక విరిగితే బళ్ళారి పెద్దాసుపత్రికే పరుగు. 1961లో మొదలైన అక్కడి వైద్య కళాశాలకు సరిహద్దు దాటి అనంతపురం, కర్నూలు వైపు నుంచీ వస్తారు. చిన్న ఆస్పత్రులు చేతులెత్తేసిన కేసులు సహజంగానే ఎక్కువ రోజులు తీసుకుంటాయి. పైగా విద్యార్థులకు పాఠం కూడా ఆ మంచం పక్కనే.

కోత పెట్టగలిగేది ఎదురుచూపులకు: స్కానింగ్ వంతు, రిపోర్టు, ఆపరేషన్ థియేటర్. పొద్దున రౌండ్లలో ఇంటికెళ్లొచ్చన్న రోగికి కాగితాలు సాయంత్రం చేతికొస్తే, క్యాజువాల్టీలో స్ట్రెచర్ మీదున్నవారికి ఆ పూట పడక లేనట్టే. అలాగని తొందరపడి పంపేస్తే, వారం తిరక్కుండా మళ్లీ చేరిన రోగి కూడా కొత్త కేసుగా లెక్కకెక్కి టర్నోవర్‌ను పెంచేస్తాడు. తిరిగి చేరినవారి సంఖ్యను పక్కన పెట్టుకునే ఈ అంకెను చదవాలి.