నార్మల్‌కూ పెద్దాపరేషన్‌కూ మధ్య

హైదరాబాద్ మధురానగర్‌లో నెలలు నిండిన అమ్మాయి ఉన్న ఏ ఇంటికెళ్లినా చుట్టాలు అడిగేది ఒక్కటే: నార్మలా, పెద్దాపరేషనా? ఈ రెంటికీ నడుమ మూడో దారి ఒకటుంది. కాన్పు చివరి మజిలీలో బిడ్డ ఆగిపోతే ఫోర్సెప్స్‌తోనో, వాక్యూమ్ కప్పుతోనో సాయం చేసి కింది నుంచే బయటికి తేవడం. బ్రిటన్‌లో నూటికి పది నుంచి పదిహేను కాన్పులు ఇలాగే అవుతాయి. మన దగ్గర దాని మాటెత్తితే చాలు, “అయ్యో, బిడ్డ తలకేమైనా అవుతుందేమో” అంటారు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంచిదే. కానీ అదే సర్వేలో సిజేరియన్లు 60.7 శాతం; ప్రైవేటులో అయితే 81.5. దేశ సగటు 21.5 మాత్రమే. ముహూర్తం చూసి కోయించుకునే మోజు ఇందులో కొంత ఉంది. చివరి అరగంటలో సాయం పట్టే నేర్పు డాక్టర్ల చేతుల్లోంచి జారిపోతుండటం కూడా కొంత కారణమని నా అనుమానం.

గర్భాశయ ముఖద్వారం పూర్తిగా, అంటే 10 సెంటీమీటర్లు తెరుచుకున్నాక తల్లి ముక్కడం మొదలవుతుంది. తల బాగా కిందికి దిగాక ఒక్కోసారి అక్కడే ఆగుతుంది. తల్లి ఓపిక అయిపోవచ్చు, బిడ్డ తల పక్కకు తిరిగి ఉండొచ్చు, గుండె కొట్టుకునే వేగం పడిపోవచ్చు. ఆ దశలో కడుపు కోయడం తేలిక అనుకుంటే పొరపాటు. కటి ఎముకల్లో ఇరుక్కున్న తలను వెనక్కి పైకి తీయాలి. ఆ ప్రయత్నంలో గర్భాశయం మీది కోత పక్కలకు చీలి రక్తం ఎక్కువ పోవచ్చు. మచ్చ తర్వాతి కాన్పునూ వెంటాడుతుంది.

ఫోర్సెప్స్‌ది వింత చరిత్ర. పదిహేడో శతాబ్దంలో లండన్‌లోని చాంబర్లెన్ కుటుంబం దాన్ని వందేళ్లకు పైగా కుటుంబ రహస్యంగా దాచుకుంది. ఆ రహస్యం ఖరీదు ఎందరు తల్లులో! గాలి పీల్చే కప్పును 1849లో ప్రయత్నించింది ఎడిన్‌బరో డాక్టర్ జేమ్స్ సింప్సన్. కాన్పు నొప్పులకు క్లోరోఫాం వాడిందీ ఆయనే. ఆ క్లోరోఫాం ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నది మన హైదరాబాద్‌లోనే. ఆయన కప్పు మాత్రం అప్పట్లో నిలవలేదు. 1950లలో స్వీడన్ డాక్టర్ మాల్‌స్ట్రోమ్ లోహపు కప్పు చేశాకే అది ఆసుపత్రులకెక్కింది.

కప్పు పనితీరు లెక్కలతో చూస్తే భయం తగ్గుతుంది. చిన్న చేతిపంపుతో కప్పు లోపలి గాలిని తీసేస్తారు. ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 0.8 కిలోల ఒత్తిడి తేడా వస్తుంది. కానీ అసలు విద్య బలంలో లేదు, కప్పు ఎక్కడ పెట్టామన్న దాంట్లో ఉంది. వెనక మాడుకు 3 సెంటీమీటర్లు ముందు, నడినెత్తి గీత మీద పెట్టాలి. అక్కడ లాగితే బిడ్డ గడ్డం ఛాతీకి ఆనుతుంది. తల వంచిన బిడ్డకు దారిలో పట్టాల్సిన కొలత 9.5 సెంటీమీటర్లు, అంతగా వంచకపోతే 11.5 దాకా కావాలి. ఆ రెండు సెంటీమీటర్లలోనే కాన్పు గెలుపోటములు. లాగడమూ నొప్పి వచ్చినప్పుడే, తల్లి ముక్కుతున్నప్పుడే. సాధారణంగా మూడు లాగుళ్లకు మించకూడదు. కప్పు పదే పదే ఊడుతుంటే మొండికెత్తకుండా ఆపి ఆపరేషన్‌కు వెళ్లాలి. 34 వారాలు నిండని బిడ్డకు కప్పు వాడకూడదు.

నష్టాలు లేవా? ఉన్నాయి. ఫోర్సెప్స్‌తో తల్లికి చీలికలు ఎక్కువ, కప్పుతో బిడ్డ మాడు చర్మానికి దెబ్బలు ఎక్కువ. కప్పు పెట్టిన చోట బొప్పి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఎముక పొర కింద రక్తం చేరితే వారాలు పడుతుంది, కామెర్లు కాస్త పెరగొచ్చు. చాలా అరుదుగా మాడు చర్మం కింద వదులు పొరలో రక్తం చేరుతుంది. భయపడాల్సింది దీనికే. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండేదే పావు లీటరు రక్తం. మెత్తటి వాపు చెవుల దాకా, మెడ దాకా పాకుతున్నా, బిడ్డ పాలిపోతున్నా నిమిషం ఆగకూడదు. తల్లికి సంబంధించి ఒక మంచి కబురు: ఇలాంటి కాన్పు అయిన వెంటనే ఒక్క డోసు యాంటీబయాటిక్ ఇస్తే ఇన్ఫెక్షన్లు 19 శాతం నుంచి 11 శాతానికి తగ్గాయని 2019లో వెలువడిన బ్రిటిష్ అధ్యయనం తేల్చింది.

బిడ్డ ఏ దారిన వచ్చినా మొదటి గంట ఒకటే. ఏడ్చే బిడ్డను పొడిగుడ్డతో తుడిచి తల్లి రొమ్ము మీద నేరుగా పడుకోబెట్టాలి. ఒక నిమిషమైనా ఆగి బొడ్డుతాడు కోస్తే మాయలోని రక్తం బిడ్డకు చేరుతుంది. విటమిన్ కె ఇంజెక్షన్ 1 మిల్లీగ్రాము తప్పనిసరి, కప్పు వాడిన బిడ్డకు మరీ. నీళ్లు పోయడం మర్నాటికి వాయిదా వేయొచ్చు. తేనె నాకించకండి, ఏడాది లోపు పిల్లలకు అది ప్రాణాంతకం కావచ్చు. మొదటి రుచి ముర్రుపాలే కావాలి. ఆ 2019–21 సర్వేలో తెలంగాణలో గంటలోపు పాలు తాగింది సుమారు 37 శాతం పిల్లలే. ఇన్ని ఆసుపత్రులుండి ఇది నామర్దా.

మధురానగర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్ ఎంతో దూరం లేదు. అక్కడికి దగ్గర్లోని నీలోఫర్ ఆసుపత్రి పుట్టింది ఒక పురిటి చావు నుంచే. 1949లో తన పనిమనిషి రఫత్ కాన్పులో చనిపోయాక యువరాణి నీలోఫర్ పట్టుబట్టి దాన్ని కట్టించింది, 1953లో మొదలైంది. అప్పటి భయం చెయ్యి అందక చనిపోతారని. ఇప్పటి చిక్కు వేరు, అవసరం లేకున్నా కత్తి పడుతుందని. కరీంనగర్‌లో 2017లో ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టడం సరైన దిశలో అడుగు.

ఎనిమిదో నెలలో మీ డాక్టరమ్మను అడగండి: మీ దగ్గర వాక్యూమ్, ఫోర్సెప్స్ కాన్పులు చేస్తారా, ఎవరు చేస్తారు, రాత్రిపూట కూడా ఉంటారా, కుదరకపోతే వెంటనే ఆపరేషన్‌కు ఏర్పాటుందా? నొప్పులు మొదలయ్యాక ఇవన్నీ అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.