చేటలో బియ్యం... చేతికి చదువు!

సంక్రాంతికి మా అత్తగారి ఊరు వెళ్లాం. మూడేళ్ల మా చిన్నవాణ్ణి వాకిట్లో ఇసుక మీద దింపగానే కాళ్లు రెండూ పైకి ముడుచుకుని కెవ్వుమన్నాడు. పెరుగన్నం మెతుకు చేతికి అంటినా ‘తుడువమ్మా’ అని ఒకటే ఏడుపు. తోడికోడళ్ల ముందు నాకు తల కొట్టేసినట్లయింది. తప్పు వాడిదా? పాకితే దుమ్మని, తడిస్తే జలుబని ఎత్తుకు తిరిగింది నేను. వంటయ్యేదాకా సెల్‌ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టిందీ నేనే!

అత్తగారు నన్నేమీ అనలేదు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చేటలో బియ్యం పోసి, ‘చెంచా దాక్కుందిరా నాన్నా, వెతికిపెట్టు’ అన్నారు. మొదటిరోజు ఒక్క వేలు పెట్టాడు. నాలుగోరోజుకి రెండు చేతులూ దూర్చేశాడు.

ఇంటికొచ్చాక నేనూ అదే దారి పట్టాను. చపాతీలప్పుడు వాడికో పిండిముద్ద. అది నొక్కీ నొక్కీ వేళ్లకు వచ్చే పట్టే రేపు పెన్సిలు పట్టడానికి పనికొస్తుంది. పోపులడబ్బా దగ్గర కళ్లు మూసి ‘ఇది వామా, మెంతులా?’ అని వాసన పందెం. తలగడలు వరసగా పరిచి వాటిమీద నడక. ఒళ్లు తూలకుండా నిలుపుకోవడం కూడా పిల్లలు నేర్చుకోవలసిన విద్యే. ఉల్లిపాయల సంచీ వంటింట్లోకి మోసుకురావడం వాడి ఉద్యోగం!

ఐదేళ్లలోపు పిల్లల గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచనలిచ్చింది. రెండేళ్లలోపు వాళ్లకు టీవీ, ఫోను వద్దని, ఆపైన గంటకు మించొద్దని, మూడు నాలుగేళ్ల వాళ్లు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలని అందులో ఉంది.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. మూడేళ్లలోపు పిల్లలకు శనగలు, బఠానీలు, గోళీల్లాంటివి ఇవ్వకండి. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి. బియ్యమైనా మీరు పక్కనుంటేనే. బకెట్లో జానెడు నీళ్లున్నా పిల్లల్ని ఒంటరిగా వదలొద్దు. ఆట కాగానే బోర్లించేయండి. ముట్టుకోనంటే బలవంతంగా చెయ్యి పట్టి ముంచకండి, భయం ఇంకా పెరుగుతుంది. ఎన్నాళ్లయినా తాకిడికి, శబ్దానికి బెదిరిపోతుంటే పిల్లల డాక్టరుకి చూపించడం మంచిది.

మావాడూ ఒక్కరోజులో మారలేదు. ఇప్పటికీ జిగట వస్తువులంటే ముఖం చిట్లిస్తాడు. కానీ మొన్న పెరుగన్నం తనే కలుపుకు తిన్నాడు. సగం నేలపాలైంది. తుడవడానికి నాకు పట్టింది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలకు భయపడేనా ఇన్నాళ్లూ వాడి చేతులు కట్టేసింది!