కొండ మీద సర్కారూ ఒక ‘వ్యక్తే’

హేతువు, హక్కులు అనే ఆలోచనలు పాలనను ఎలా మార్చాయో రాయమన్నారు ఎడిటర్ గారు. తత్వవేత్త రూసో నుంచి మొదలుపెట్టొచ్చు. కానీ హేతువు, హక్కుల వాదనంతా బొర్రా కొండల మీద ఒకసారి నిజంగానే జరిగింది. అందుకే ఇందులో సింహభాగం ఒక్క తీర్పుకే: 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన ‘సమత’ తీర్పు.

అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు ఫారెస్టు, దాని చుట్టూ గిరిజన ఊళ్లు. అక్కడి కాల్సైట్, మైకా తవ్వుకోవడానికి ప్రభుత్వం గిరిజనేతరులకు లీజులిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కాదంటే ఢిల్లీ వెళ్లింది.

చేతిలో ఉన్న ఆయుధం 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దాన్ని బిగించిన 1970 సవరణ. గిరిజన ప్రాంతమైన ఏజెన్సీలో ‘1/70’ అంటే చాలు, అందరికీ తెలుసు. అక్కడి స్థిరాస్తిని ఏ ‘వ్యక్తి’ అయినా, గిరిజనుడైనా కాకపోయినా, గిరిజనులకో వాళ్లు మాత్రమే సభ్యులుగా ఉన్న సొసైటీకో తప్ప మరెవరికి ఇచ్చినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి కనిపిస్తే అది గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే చట్టం అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. నాకు ఈ సెక్షన్ అంటే అభిమానం. కాగితం లేనివాణ్ణి కాగితం తెమ్మని తిప్పదు.

భూమి సర్కారుదే అయినప్పుడో? ఈ కట్టడి జనానికే, మాకు కాదంది ప్రభుత్వం. ముగ్గురు న్యాయమూర్తుల్లో కె.రామస్వామి, ఎస్.సగీర్ అహ్మద్ ఒప్పుకోలేదు. ఆ ‘వ్యక్తి’లో సర్కారూ ఉంది, గిరిజనేతరుడికి ఇచ్చే లీజూ బదలాయింపే అన్నారు. జి.బి.పట్నాయక్ విభేదించారు, ఆ మాటలోకి ప్రభుత్వం రాదన్నారు. భాష వరకే చూస్తే ఆయన మాట తీసిపారేసేది కాదు. కానీ గిరిజనుల భూమికి కాపలా ఉండమని రాజ్యాంగం ఐదో షెడ్యూలు ఎవరికి చెప్పిందో, ఆ కాపలాదారే గేటు తీస్తే? ఏలేవాడూ చట్టానికి లోబడాల్సిందేనన్న యూరప్ వాళ్ల పాత పట్టుదల బొర్రాలో పనికొచ్చింది అక్కడే.

చరిత్ర గబగబా: 1839 చట్టంతో ఈ కొండలు మామూలు కోర్టుల పరిధి దాటి ఏజెంటుగా కలెక్టరు చేతికొచ్చాయి. 1879లో రంప పితూరీ. 1882లో మద్రాసు అటవీ చట్టం. 1917లో భూబదలాయింపు మీద తొలి కట్టడి. 1922–24లో అల్లూరి తిరుగుబాటు. ఆపైన రాజ్యాంగం. రాజ్యాంగానికి ముందటి ఆ చట్టాలు ఇంగ్లీషువాళ్లవి. శ్రమ కలిపిన నేల శ్రమించినవాడిదేనని రాసిన జాన్ లాక్ కూడా ఇంగ్లీషువాడే. ఆ లెక్కన పోడు కొట్టి సామలు, చోళ్లు పండించినవాడికి పట్టా ఏనాడో రావాలి. వచ్చింది రిజర్వు ఫారెస్టు.

తీర్పు కూడా ఒక తలుపు ఓరగా వదిలింది. గిరిజన సహకార సంఘాలతోపాటు ప్రభుత్వ సంస్థలూ తవ్వుకోవచ్చంది. గనుల నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పక్కన పెట్టమంది. బాక్సైట్ తవ్వకాల ప్రతిపాదన వచ్చింది ఆ తలుపు గుండానే. ప్రభుత్వ గనుల సంస్థ ఏపీఎండీసీ తవ్వాలి, ఖనిజం ప్రైవేటు శుద్ధి కర్మాగారానికి పోవాలి: 2005లో జిందాల్ సంస్థతో కుదిరిన ఒప్పందం సారాంశం ఇది. లీజు ఇస్తే తప్పు, తవ్వి అప్పజెబితే ఒప్పు! 2015లో చింతపల్లి వైపు అడవిలో బాక్సైట్ తవ్వకానికి జీవో 97 వచ్చింది, జనం ఎదురు తిరిగారు. 2019లో దాన్ని రద్దు చేశారు. కొండను కాపాడింది కోర్టు కంటే ఊళ్లే అని నా అనుమానం.

బాక్స్: సమానత్వం అటు తిరిగితే

ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 ఇచ్చారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమంది. గిరిజనులకు అండగా వచ్చిన రాజ్యాంగంతోనే వాళ్ల జీవో పోయింది. అప్పటికే చేరిన టీచర్లను షరతుల మీద ఉండనిచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించింది.