ఆ విమానం నడిపింది ఏడేళ్ల పాప కాదు

1996 ఏప్రిల్ 11 ఉదయం అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం, చెయెన్ విమానాశ్రయం నుంచి లేచిన చిన్న విమానం ఒకటి కాసేపటికే ఇళ్ల మధ్య కూలిపోయింది. అది సెస్నా 177బి కార్డినల్, నాలుగు సీట్ల విమానం. ఏడేళ్ల జెస్సికా డుబ్రాఫ్, ఆమె తండ్రి, ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్ ముగ్గురూ చనిపోయారు. అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు విమానంలో దాటిన అతి చిన్న పిల్లగా పేరు తెచ్చుకోవాలని ముందురోజే కాలిఫోర్నియాలోని హాఫ్ మూన్ బేలో బయల్దేరారు. టీవీలూ పత్రికలూ వాళ్ల వెంటపడ్డాయి. ప్రమాదం జరిగిన మర్నాటికి అవే టీవీలు, పత్రికలు పసిపిల్ల చేతికి విమానం ఇస్తారా అని మండిపడ్డాయి. ఇప్పటికీ ఈ ప్రమాదం ప్రస్తావన వస్తే మొదట వినిపించే మాట అదే. అక్కడి జాతీయ రవాణా భద్రతా మండలి (ఎన్‌టీఎస్‌బీ) నివేదిక మాత్రం వేరే సంగతి చెప్పింది.

అపోహ: పాప నడపడం వల్లే విమానం కూలింది.

జెస్సికా ముందు వరసలో ఎడమ సీట్లో కూర్చున్న మాట నిజమే. కుడి సీట్లో ఇన్‌స్ట్రక్టర్ ఉన్నాడు. ఇలాంటి విమానాల్లో రెండు సీట్ల ముందూ కంట్రోల్స్ ఉంటాయి. ప్రమాద సమయంలో నడుపుతున్నది ఇన్‌స్ట్రక్టరేనని మండలి తేల్చింది. చట్టం దృష్టిలో ఆ ప్రయాణానికి పైలట్ కూడా ఆయనే. అమెరికాలో విమానం ఒంటరిగా నడపాలంటే 16 ఏళ్లు, ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు 17 ఏళ్లు ఉండాలి. మన దేశంలోనూ అంతే. కాబట్టి 'బాల పైలట్' అన్న పేరు పత్రికలు పెట్టిందే. సాధిస్తామనుకున్న రికార్డు సంగతీ అలాంటిదే. పిల్లలు ప్రాణాల మీదికి తెచ్చుకుంటారని గిన్నిస్ సంస్థ అప్పటికి కొన్నేళ్ల కిందటే 'అతి పిన్న పైలట్' విభాగాన్ని ఎత్తేసింది.

అపోహ: నాలుగు సీట్లలో ముగ్గురే ఉన్నారు, వారిలో ఒకరు పాప. బరువు ఎక్కువయ్యే అవకాశమే లేదు.

చిన్న విమానాల గురించి చాలామందికి తెలియనిది ఇదే. సీట్లన్నీ నింపి, ట్యాంకు నిండా పెట్రోలు పోసి, సామాను కూడా పెట్టుకుని ఎగరడం చాలా చిన్న విమానాల్లో కుదరదు. ఏదో ఒకటి తగ్గించుకోవాలి. కార్డినల్ టేకాఫ్ బరువు పరిమితి 2,500 పౌండ్లు, అంటే 1,134 కిలోలు. ఆ ఉదయం అది 96 పౌండ్లు, దాదాపు 44 కిలోలు ఎక్కువ బరువుతో లేచింది. వందకు నాలుగు పాళ్లు కూడా లేదు కదా అనిపిస్తుంది. సముద్రమట్టం దగ్గరయితే ఆ పొరపాటు బహుశా బయటపడకుండా పోయేది. చెయెన్ 6,156 అడుగుల ఎత్తున ఉంది. ఆనాటి వాతావరణం లెక్కేస్తే అక్కడి గాలి 6,670 అడుగుల దగ్గర ఉన్నంత పలచగా ఉంది. పలచని గాలిలో రెక్కకు పట్టు తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు లాగే శక్తి తగ్గుతుంది, ఇంజన్‌కూ ఊపిరి చాలదు. సముద్రపు ఒడ్డున అలవాటైన ఇన్‌స్ట్రక్టర్‌కు ఆ తేడా చేతికి తెలిసే అవకాశం తక్కువ.

గాలి ఇలా పలచబడటానికి కొండలే అక్కర్లేదు. బేగంపేట రన్‌వే 1,700 అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉంది. మే నెలలో ఎండ 40 డిగ్రీలు కాసిన మధ్యాహ్నం అక్కడి గాలి విమానానికి 5,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టే లెక్క.

అపోహ: గాలి వెనక నుంచి తోస్తే మంచిదే, వేగం పెరుగుతుంది.

నేల మీద చూసేవాడికి పెరుగుతుంది, రెక్కకు కాదు. రెక్క ఎరిగింది తన మీదుగా పారే గాలినే. ఆ ఉదయం చెయెన్‌లో ఉరుములతో వాన ముంచుకొస్తోంది, గాలులు తెరలు తెరలుగా కొడుతున్నాయి. ఆ వాన తమను అందుకునేలోపే దాటేయాలని బయల్దేరారు. లేచి కుడివైపు మళ్లేసరికి గాలి వెనకపాటుకు వచ్చింది. కింద ఇళ్లు గబగబా వెనక్కి పోతుంటే వేగం చాలినంత ఉందని పైలట్ భ్రమపడి ఉండవచ్చని దర్యాప్తు బృందం భావించింది. మలుపులో ఒరిగిన విమానానికి మామూలు కంటే ఎక్కువ వేగం కావాలి, మీద అదనపు బరువు ఉంటే ఇంకా ఎక్కువ. అది చాలలేదు, విమానం స్టాల్ అయ్యింది.

స్టాల్ అనగానే కారు ఆగిపోయినట్టు ఇంజన్ ఆగిందనుకుంటారు. ఇంజన్ పూర్తి శక్తితో తిరుగుతున్నా స్టాల్ కావచ్చు. రెక్క మీద గాలి ప్రవాహం చెదిరి, మోసే బలం కూలిపోవడమే స్టాల్. అంత తక్కువ ఎత్తులో ముక్కు దించి తిరిగి వేగం అందుకోవడానికి చోటుండదు.

అపోహ: బ్లాక్ బాక్స్ దొరికితేనే నిజం తెలుస్తుంది.

ఇలాంటి విమానాల్లో సాధారణంగా అది ఉండదు. కంట్రోల్ టవర్ రికార్డింగులు, రాడార్, వాతావరణ వివరాలు, చూసినవాళ్ల మాటలు, శిథిలాలు, వీటితోనే పని నడుస్తుంది. ప్రొపెల్లర్ రెక్కలు వంగిన తీరు చూసి, నేలను తాకే క్షణంలో ఇంజన్ తిరుగుతోందో లేదో చెప్పగలరు.

అపోహ: దర్యాప్తు అంటే దోషిని పట్టుకోవడం.

చెడిపోతున్న వాతావరణంలో, అధిక బరువుతో, అలవాటు లేని పలచని గాలిలోకి టేకాఫ్ చేయాలన్న పైలట్ నిర్ణయం సరికాదని, ఆ తర్వాత వేగం నిలబెట్టలేకపోయాడని మండలి రాసింది. మీడియాకు ఇచ్చిన మాటల కోసం కూడా తలకు మించిన ప్రయాణ ప్రణాళికను పట్టుకుని వేలాడటం ఇందుకు తోడైందని చెప్పింది. నాకు మొత్తం నివేదికలో అన్నిటికన్నా బరువైన వాక్యం ఇదే. అయితే ఇవి కోర్టు తీర్పులు కావు. నష్టపరిహారం దావాల్లో మండలి నివేదికను సాక్ష్యంగా వాడకూడదని అమెరికా చట్టమే చెబుతోంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమాల ప్రకారం కూడా దర్యాప్తు లక్ష్యం మరో ప్రమాదాన్ని ఆపడమే. మన విమాన ప్రమాదాల దర్యాప్తు బ్యూరో పనిచేయాల్సిందీ ఆ పద్ధతిలోనే.

ఆఖరుగా చట్టం మీద ఉన్న అపోహ. ఆ ఏడాది అక్టోబరులో అమెరికా 'చైల్డ్ పైలట్ సేఫ్టీ' చట్టం తెచ్చింది కనుక పిల్లలు ఇక కంట్రోల్స్ ముట్టుకోకూడదని చాలామంది అనుకుంటారు. ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా పిల్లలు నేర్చుకోవడాన్ని అది ఆపలేదు. రికార్డుల కోసం, పోటీల కోసం, సాహసాల కోసం లైసెన్సు లేనివాళ్ల చేత విమానం నడిపించడాన్ని మాత్రమే నిషేధించింది. ఆ నిషేధం మీరితే లైసెన్సు రద్దయ్యేది నడపనిచ్చిన పైలట్‌కు.