హాస్టల్ స్కూల్‌కి అప్లై చేయాలంటే ఎనిమిదో తరగతిలోనే కదలాలి



పోయిన ఏడాది దసరా సెలవుల తర్వాత జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, వెళ్ళబోతూ ఆగారు. "మేడమ్, మావోడిని కోరుకొండ సైనిక్ స్కూల్లో వేద్దామనుకుంటున్నాం. తొమ్మిదో క్లాసుకి తీసుకుంటారట కదా. వీడిప్పుడు తొమ్మిదే. ఫారం ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. బాబు పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ పరీక్ష ఎనిమిది చదువుతుండగా రాయాల్సింది, ఏడాది దాటిపోయింది అని చెప్పడానికి నాకు వెంటనే నోరు రాలేదు.

వయసు సరిపోతే ఇప్పుడైనా రాయవచ్చు, కానీ సీటు వస్తే మళ్ళీ తొమ్మిదే చదవాలి అని వివరించాను. ఆయన బాబు వైపు చూశారు. బాబు తల దించుకున్నాడు. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

అందుకే ఈ నెల ఈ వ్యాసం. హాస్టల్ ఉన్న మంచి ప్రభుత్వ విద్యాసంస్థలు మన రెండు జిల్లాల్లోనే ఉన్నాయి. అయితే వాటి తలుపులు అన్ని తరగతులకీ తెరుచుకోవు. ఆరులో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి, టెన్త్ తర్వాత ఒకసారి తెరుచుకుంటాయి. హైస్కూల్ పిల్లలకు మిగిలినవి చివరి రెండే. ఏ తరగతిలో చేరాలో దాని ముందు తరగతిలోనే అప్లికేషన్ పెట్టాలి.

కోరుకొండ సైనిక్ స్కూల్

విజయనగరం పూసపాటి రాజవంశీకులు పి.వి.జి. రాజు గారు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో 1962 జనవరిలో ఈ స్కూల్ మొదలైంది. ప్రవేశం 6, 9 తరగతుల్లోనే. దేశమంతటికీ ఒకటే పరీక్ష. 9వ తరగతిలో చేరే పిల్లలకు ఆ ఏడాది మార్చి 31 నాటికి 13 ఏళ్ళు నిండి, 15 దాటకుండా ఉండాలి. 6వ తరగతికైతే 10 నుంచి 12. ఆడపిల్లలకు 2021-22 నుంచి ఆరో తరగతిలో ప్రవేశం ఉంది. తొమ్మిదిలో వాళ్ళకు ఎన్ని ఖాళీలున్నాయో ఆ ఏడాది బులెటిన్‌లో చూసుకోండి.

తొమ్మిదో తరగతి ప్రశ్నపత్రం 400 మార్కులకు, సమయం 3 గంటలు. మొత్తం 150 ప్రశ్నలు, ఇంగ్లిష్ మీడియంలోనే. లెక్కలు 50 ప్రశ్నలు, ఒక్కోదానికి 4 మార్కులు, అంటే 200. ఇంగ్లిష్, ఇంటెలిజెన్స్, సైన్స్, సోషల్ ఒక్కోటి 50 మార్కులు. నేను చెప్పేది ఇంగ్లిషే అయినా నిజం చెప్పాలి: ఈ పరీక్షలో సగం మార్కులు లెక్కలవే. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలొద్దని పిల్లలకు చెప్పండి. రాతపరీక్ష తర్వాత వైద్య పరీక్ష కూడా ఉంటుంది.

సీట్లలో 67 శాతం స్కూల్ ఉన్న రాష్ట్రం పిల్లలకు, 33 శాతం బయటి రాష్ట్రాల వారికి. మనకు స్థానికత కలిసొస్తుంది కానీ సర్టిఫికెట్ ఉంటేనే.

తేదీల విషయంలో పోయిన ఏడాదిని నమ్ముకోకండి. ఒక ఏడాది అక్టోబరులోనే అప్లికేషన్లు తీసుకున్నారు, ఇంకో ఏడాది డిసెంబరు చివర్లో మొదలుపెట్టారు. సెప్టెంబరు నుంచి వారానికోసారి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వెబ్‌సైట్ చూడటం అలవాటు చేసుకోండి.

నవోదయ విద్యాలయాలు

శ్రీకాకుళం జిల్లాకు వెన్నెలవలసలో, విజయనగరం జిల్లాకు శృంగవరపుకోట దగ్గర కిల్తంపాలెంలో నవోదయలు ఉన్నాయి. ఆరో తరగతిలో చేరికలయ్యాక తొమ్మిదిలో మిగిలేవి ఖాళీ అయిన సీట్లు మాత్రమే. ఎన్ని ఖాళీ ఉంటే అన్నే. చాలామంది తల్లిదండ్రులకు ఈ రెండో అవకాశం ఉందనే తెలియదు.

ఇక్కడ నిబంధన గట్టిది. పిల్లలు అదే జిల్లాలో గుర్తింపు పొందిన స్కూల్లో, అదే విద్యా సంవత్సరం ఎనిమిదో తరగతి చదువుతూ ఉండాలి. ఇల్లు పాలకొండలో ఉండి చదువు విశాఖపట్నంలో అయితే చిక్కు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి పార్వతీపురం మన్యం వైపు వాళ్ళు తాము ఏ విద్యాలయం కిందికి వస్తారో ఫారం నింపకముందే అక్కడికి వెళ్ళి అడగడం మేలు.

పరీక్ష 100 మార్కులకు, రెండున్నర గంటలు. లెక్కలు 35, సైన్స్ 35, ఇంగ్లిష్ 15, హిందీ 15. మన పిల్లలు దెబ్బతినేది ఆ చివరి 15 దగ్గరే. హిందీని పాస్ మార్కుల సబ్జెక్టుగా చూస్తారు. ఈ పరీక్షలో ఆ 15 మార్కులే సీటుకీ వెయిటింగ్ లిస్టుకీ మధ్య తేడా కావచ్చు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్ష ఫిబ్రవరిలో జరుగుతోంది. అప్లికేషన్ గడువు మాత్రం అంతకు నెలల ముందే ముగుస్తుంది.

నవోదయలో చదువు, భోజనం, వసతి ఉచితం. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయలు వికాస్ నిధి కట్టాలి. ఎస్సీ, ఎస్టీ, ఆడపిల్లలు, పేద కుటుంబాల పిల్లలకు అది కూడా లేదు. మిగతా వర్గాల్లో తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగులైతే 1500. సైనిక్ స్కూల్ ఫీజు దీనికి చాలా ఎక్కువ. స్కాలర్‌షిప్ వివరాలు ముందే కనుక్కోండి.

టెన్త్ తర్వాత

తొమ్మిది దాటిపోయిన పిల్లలు నిరుత్సాహపడక్కర్లేదు. నవోదయలో 11వ తరగతికి కూడా ఖాళీలకు ప్రవేశం ఉంది. ఆంధ్రప్రదేశ్ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలకు టెన్త్ సిలబస్ మీద 150 మార్కుల ప్రవేశ పరీక్ష పెడతారు. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం. పురంలో ఉన్న శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ళ చదువు. అక్కడ ప్రవేశం టెన్త్ మార్కుల మీదే. ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన పిల్లలకు అదనపు స్కోరు కలుపుతారు. మన పిల్లలకు అది రాదు కాబట్టి వాళ్ళు అంతకంటే ఎక్కువ తెచ్చుకోవాలి. ఇది ముందే తెలిస్తే ఫలితాల రోజు కన్నీళ్ళు ఉండవు.

కాగితాల దగ్గరే ఎక్కువ మంది ఆగిపోతున్నారు

ముందుగా పేరు. జనన ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, మా రిజిస్టర్‌లో ఇంకోలా ఉంటుంది. మూడూ ఒకటే చేయించండి. నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెడితే గడువు లోపల పూర్తి కాకపోవచ్చు.

తర్వాత కుల ధ్రువీకరణ. సైనిక్ స్కూల్‌కి కావాల్సింది కేంద్రం నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్. రాష్ట్ర జాబితాలో బీసీ అయినంత మాత్రాన కేంద్ర ఓబీసీ జాబితాలో ఉన్నట్టు కాదు. సచివాలయంలోనో తహసీల్దార్ ఆఫీసులోనో ముందే తేల్చుకోండి. రిజర్వేషన్ గడి తప్పుగా నింపితే వచ్చిన సీటు కాగితాల పరిశీలనలో పోవచ్చు.

స్టడీ సర్టిఫికెట్, సంతకం, స్టాంపు కావాలంటే మొహమాటపడకండి. ఫారం ప్రింట్ తీసి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. పిల్లలు మా స్కూల్ నుంచి వెళ్ళిపోతారని మేం చిన్నబుచ్చుకోం. నా క్లాసులో కూర్చున్న పిల్లాడు రేపు యూనిఫాంలో కనిపిస్తే నాకూ గర్వమే.

చివరగా, పిల్లల్ని అడిగారా?

ఎనిమిదో తరగతిలో నాకు ఒక పాప ఉండేది. రోజూ బోర్డు మీద లెక్క అందరికంటే ముందు చేసేది. ప్రవేశ పరీక్ష మాక్ టెస్టుల్లో మాత్రం వచ్చిన లెక్కలే వదిలేసేది. భయమేమో అనుకున్నాను. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, "పాసైపోతే అమ్మని వదిలి వెళ్ళిపోవాలి కదా మేడమ్" అంది.

వాళ్ళమ్మగారికి చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకు ఒక్క మాట చెప్పలేదు మేడమ్. మేమూ అడగలేదు లెండి" అన్నారు. టెన్త్ తర్వాత చూద్దామని ఆ ఇంట్లో నిర్ణయించుకున్నారు. మరుసటి వారం టెస్టులో పాప ఒక్క లెక్కా వదల్లేదు.

హాస్టల్‌కి పంపడం తప్పని నేను అనను. సొంతంగా లేవడం, బట్టలు సర్దుకోవడం, కొత్తవాళ్ళతో కలవడం అక్కడ బాగా అలవడతాయి. కానీ ఫోన్ చేతిలో ఉండదు, అమ్మానాన్నల్ని చూసే రోజు వాళ్ళు చెప్పిన రోజే. ఇవన్నీ పిల్లలకు ముందే చెప్పండి. వీలైతే ఒకసారి గేటు దాకా తీసుకెళ్ళి చూపించండి. అక్కడ చదివే పిల్లలతో మాట్లాడించండి. మొదటి నెల ఏడుపు సహజమని, దానికి సిగ్గుపడక్కర్లేదని చెప్పండి. "నీకు ఇష్టమేనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి.

మీ పిల్లలు ఇప్పుడు ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉంటే ఈ నెలలో మూడు పనులు చేయండి. పుట్టిన తేదీ ప్రకారం వయసు సరిపోతుందో లెక్కచూడండి. ఆధార్, జనన పత్రం పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చదవండి. ఒక రాత్రి భోజనాలయ్యాక, టీవీ ఆపి, పిల్లలతో మాట్లాడండి. మిగతా వాటికి మేమున్నాం. శనివారం సాయంత్రం స్టాఫ్‌రూమ్‌కి రండి, ఫారం కలిసి నింపుదాం.