పాతరలో దింపిన దీపము

కుందూనది తడుపు నల్లరేగడి సీమలో, నంద్యాల మొదలు ఆళ్లగడ్డ వఱకు, వంశచరిత్రము కాగితములయందు గాక కఱవుల పేర్లయందు భద్రమై యున్నది. "మా అబ్బ ధాత కరువుకు చంటిబిడ్డ" అను ముదుసలికి క్రీస్తుశకముతో పనిలేదు. ఆ యొక్క మాటతోనే 1876వ సంవత్సరము మనయెదుట వచ్చి నిలుచును.

పంట యింటికి చేరినపిమ్మట పిచ్చుకుంట్లవారు వచ్చి గోత్రములను, తాతముత్తాతల పేర్లను ఏకరువు పెట్టుచుండెడివారు. ఆ వరుసలో వినవచ్చునవి మగవారి పేర్లే. కాటకమునాడు పొయ్యి యారకుండ కాచిన యిల్లాలి పేరు అందు లేకపోవుట నన్ను చిరకాలముగా బాధించుచున్నది.

ధాత కఱవునకు పదేండ్లు ముందుగా, 1866లో కాటకము వచ్చినప్పుడు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు తమ సొత్తు లెక్కింపక వేలమందికి అన్నము పెట్టి, విక్టోరియా రాణి పంపిన సువర్ణపతకము నందుకొనిన సంగతి యీ ప్రాంతమున నెఱుగనివారు లేరు. ఆ మహాదాత కీర్తి పాటల కెక్కినది, ఎక్కవలసినదే. కాని పిమ్మట వచ్చిన ధాత కఱవు ఏ యొక్క దాతవలనను తీరునది కాదు. 1871లో 9,14,000కు పైబడిన కర్నూలు జిల్లా జనసంఖ్య, 1881 నాటికి 6,78,000కు దిగజాఱెను. నలుగురున్నచోట ముగ్గురైరి.

మా జేజికి జేజి ఆ ముగ్గురిలో నొకతె. 1877 ఆరంభమున సర్కారు ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ కఱవుపనుల కూలి తగ్గించి, మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలుననియు, ఆడువారికి అంతకంటెను తక్కువ చాలుననియు నిర్ణయించెను. ఆ తక్కువ కూలికే ఆమె రాళ్లు కొట్టెను. అదియు చాలనప్పుడు ఇంటి వాకిట నేలలో ధాన్యము దాచు పాతర తెఱపించి, లోనికి దిగి, గోడల కంటిన జొన్నలను మట్టితోగూడ ఊడ్చి, ఏడుమాఱులు కడిగి, ఆ మక్కువాసన పోని గింజలతో బిడ్డలకు అంబలి కాచెను. ఆమె పేరు మా జేజికిని తెలియదు. ఏడుమాఱులు కడుగుట మాత్రము తెలియును.

"పాతర మూత తీసినంక మొదలు దీపం దించి సూడల్ల నాయనా, అది ఆరిపాయనంటే మనిసి దిగగూడదు" అని జేజి నాకు పలుమాఱులు చెప్పినది. ఇంట పాతర వాడుక మానిన పిమ్మటను ఆమె ఆ జాగ్రత్త చెప్పుట మానలేదు.

ఆళ్లగడ్డ చెంతనున్న మా యూరి యింటిలో ఆ మూతబండ పై నిప్పుడు బట్ట లుదుకుచున్నారు. గత వేసవిలో నలుగురి సాయముతో దానిని పక్కకు జరిపించి, ఒక పూట గాలి యాడనిచ్చి, త్రాట గట్టిన లాంతరు నొకదానిని మెల్లగా దింపితిమి. వెలుగు అడుగంట నిలిచెను. నిచ్చెన వేసికొని దిగి గోడను తడవిచూడగా, పగులులో నిఱికియున్న గడ్డిపోచ యొకటి చేతికి వచ్చెను.