నాలుగక్షరాలతో అధ్యక్షుడి పోరు

ఇంగ్లిష్ స్పెల్లింగుల మీద సరదాగా ఓ ముఖచిత్ర కథనం కావాలి అన్నారు సంపాదకులు. స్పెల్లింగులంటే సముద్రం. అందుకని ఓ, యు, జి, హెచ్ అనే నాలుగక్షరాల వరసను మాత్రం పట్టుకున్నాను. ‘టఫ్’ అంటే కఠినం, అందులో ఆ నాలుగూ కలిసి ‘అఫ్’. ‘డో’ అంటే రొట్టెల పిండిముద్ద, అక్కడ ‘ఓ’. ‘బౌ’ అంటే చెట్టుకొమ్మ, అక్కడ ‘ఔ’. ‘త్రూ’లో ‘ఊ’. దగ్గుకి ‘కాఫ్’, ఆలోచనకి ‘థాట్’. ఇంగ్లండులో లఫ్‌బరా అనే ఊరి పేరులో ఈ వరస రెండుసార్లు వస్తుంది. మొదటిసారి ‘అఫ్’ అని, రెండోసారి పొట్టి ‘అ’ అని పలకాలి. రాసింది రాసినట్టే చదవడానికి అలవాటుపడిన మన పిల్లలు ఇక్కడ తడబడితే తప్పెవరిది?

ఆ ప్రశ్నతోనే పాత కాగితాలు తిరగేస్తూ ఓ ఉత్తరం దగ్గర ఆగిపోయాను. రాసినవారు అమెరికా అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్. తేదీ 1906 ఆగస్టు 27. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆయిస్టర్ బే నుంచి ప్రభుత్వ ముద్రణాలయ అధిపతి చార్లెస్ స్టిల్లింగ్స్‌కు రాశారు. ఇకమీదట కార్యనిర్వాహక శాఖల కాగితాల్లో 300 మాటలకు సరళమైన స్పెల్లింగులు వాడాలన్నది అందులోని ఆదేశం. మన నాలుగక్షరాలకీ అందులో కత్తెర పడింది. ‘త్రూ’కి టి, హెచ్, ఆర్, యు చాలన్నారు. ‘అయినా’ అని అర్థమిచ్చే ‘దో’కి టి, హెచ్, ఓ సరిపోతుందన్నారు. ‘క్షుణ్ణంగా’ అనే అర్థంలో వచ్చే ‘థరో’ చివర కూడా ఒక్క ఓ ఉంచి మిగతావి తీసేశారు.

జాబితా ఆయన సొంతం కాదు. ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ డబ్బుతో అదే ఏడాది ఏర్పడిన సరళ స్పెల్లింగ్ మండలి తయారుచేసింది. మార్క్ ట్వైన్ అందులో సభ్యుడు. గ్రంథాలయాల్లో పుస్తకాల దశాంశ వర్గీకరణకు ఆద్యుడైన మెల్విల్ డ్యూయీ కూడా ఉన్నాడు. తన పేరు చివరున్న అనవసరపు అక్షరాలను ముందే కోసేసుకున్న మనిషి ఆయన.

నాకు నచ్చింది ఉత్తరంలోని వాదన. భాషను తలకిందులు చేసే ఉద్దేశమేమీ లేదంటారు రూజ్‌వెల్ట్. జనానికి నచ్చితే ఈ రూపాలు నిలుస్తాయి, నచ్చకపోతే పోతాయి, అధికారులు ఏమనుకున్నా ఒకటేనంటారు. అంత అధికారం చేతిలో ఉన్నవాడు భాష దగ్గర తుదిమాట ప్రజలదేనని ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మరి జనం ఏమన్నారు? పత్రికలు కార్టూన్లు వేసి ఆటపట్టించాయి. సుప్రీంకోర్టు కొత్త స్పెల్లింగులను దగ్గరికి రానివ్వలేదు. డిసెంబరులో ప్రతినిధుల సభ, అందరూ ఒప్పుకున్న నిఘంటువుల్లోని రూపాలే వాడాలని తీర్మానించింది. ఆదేశం వెనక్కి వెళ్లింది. నాలుగు నెలలైనా నిలవలేదు.

పోరు మాత్రం అక్కడితో ఆగలేదు. షికాగో ట్రిబ్యూన్ పత్రిక 1934లో సొంతంగా స్పెల్లింగుల సంస్కరణ మొదలుపెట్టి, పొట్టి ‘త్రూ’ను, పొట్టి ‘దో’ను 1975 దాకా నడిపి, చివరికి వదిలేసింది. అయినా న్యూయార్క్ నుంచి ఆల్బనీ మీదుగా బఫెలో వైపు వెళ్లే పెద్ద రహదారికి ‘త్రూవే’ అన్నది అధికారిక నామం. నయాగరా చూడబోయే మన తెలుగువాళ్లలో చాలామంది ఎక్కేది ఈ రోడ్డే. బోర్డు మీద ఉండేది రూజ్‌వెల్ట్ ముద్రించమన్న ఆ పొట్టి రూపమే.

ఇంతకీ ఈ గందరగోళం ఎలా వచ్చింది? పాత ఇంగ్లిష్‌లో గొంతు వెనక ఒరుసుకుంటూ వచ్చే ‘ఖ్’ లాంటి ధ్వని ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక లేఖకులు దాన్ని జి, హెచ్ కలిపి రాయడం అలవాటు చేశారు. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు, స్పెల్లింగులు కుదురుకోసాగాయి. పలుకుబడి మాత్రం కుదురుగా ఉండలేదు. ఆ ధ్వని కొన్ని మాటల్లో ‘ఫ్’గా మారింది, కొన్నింట్లో పూర్తిగా పోయింది. పక్కనున్న అచ్చుల పలుకూ ఆ శతాబ్దాల్లోనే మారింది. స్కాట్లండువాళ్లు సరస్సును ‘లాఖ్’ అన్నప్పుడు ఆ పాత ధ్వని ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ నాలుగక్షరాలంటే నాకు కోపం లేనిది అందుకే. ఒకప్పటి మనుషుల ఉచ్చారణ వాటిలో దాగి ఉంది.

ఎక్కిళ్లలో దగ్గు
ఎక్కిళ్లను ‘హికప్’ అంటారు. దగ్గుతో సంబంధం ఉందనుకుని 17వ శతాబ్దంలో దాని చివర ‘కాఫ్’ స్పెల్లింగు తగిలించారు. పలుకు మారలేదు, ఆ రూపం నిఘంటువుల్లో ఉండిపోయింది.

ఒకే స్పెల్లింగు, మూడు పలుకులు
ఎస్, ఎల్ తర్వాత మన నాలుగక్షరాలు చేర్చి ‘స్లౌ’ అని చదివితే బురదగుంట, లండన్ పక్కనున్న ఓ ఊరు కూడా. ‘స్లఫ్’ అంటే పాము కుబుసం విడవడం. అమెరికాలో చిత్తడినేలను అదే స్పెల్లింగుతో ‘స్లూ’ అంటారు.

ఇంట్లో డిక్టేషన్ చెప్పే అమ్మానాన్నలకు, బళ్లో కాపీలు దిద్దే మాస్టార్లకు ఒక మనవి. పిల్లలు ‘టఫ్’ను టి, యు, ఎఫ్, ఎఫ్ అని రాస్తే విన్నది విన్నట్టు రాశారని అర్థం. ముందు ఆ మాట చెప్పి మెచ్చుకోండి. ఆ తర్వాత టఫ్, రఫ్, ఎనఫ్ ఒక జట్టుగా, బాట్, థాట్, బ్రాట్ ఇంకో జట్టుగా, అర్థాలతో కలిపి నేర్పండి. ఒక దేశాధ్యక్షుడే నెగ్గలేకపోయిన స్పెల్లింగుల కోసం పసివాళ్ల మీద బెత్తం ఎత్తకండి.